అ, ఆ మధ్య ఇరుక్కుపోయిన లోను

లోను పేపర్ల పనిలో నేను పడి పన్నెండేళ్లు దాటింది. హనుమకొండలో కూర్చుని రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, ఎనుమాముల చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల వాళ్లకు బ్యాంకు ఫైళ్లు సిద్ధం చేసి పెడుతుంటాను. ఇన్నేళ్లలో చట్టం తెలియక చెడిపోయిన ఫైళ్లను నేను చూసింది చాలా తక్కువ. తెలుగు కాగితంలో ఉన్నదాన్ని ఇంగ్లీషు ఫారంలోకి ఎక్కించేటప్పుడు చెడిపోయినవే ఎక్కువ.

వర్ధన్నపేట వైపు ఒక మిల్లు ఓనర్ ఉన్నారు. మిల్లు కట్టిన జాగా ఒక సర్వే నంబరులో బై 'ఆ'. అదే నంబరులో బై 'అ' వాళ్ల పెద్దనాన్న కొడుకుది. మన రికార్డుల్లో ఒక సర్వే నంబరును పంచినప్పుడు అ, ఆ, ఇ, ఈ అని వేస్తారు కదా, ఇంగ్లీషులో రాసేటప్పుడు కొందరు ఏ, డబుల్ ఏ, ఈ, డబుల్ ఈ అంటారు, కొందరు తమకు తోచినట్టు ఏ, బీ, సీ అంటారు, ఇంకొందరు అ అయినా ఆ అయినా ఒకటే ఏ కొట్టేస్తారు. ఈయన ఫైలులో జరిగింది చివరిదే. బ్యాంకు లాయరు రాసే లీగల్ ఒపీనియన్‌లో ఏ అని పడింది, దాన్ని చూసి టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసిన మెమోరాండంలో, అంటే దస్తావేజులు బ్యాంకుకు తాకట్టుగా ఇచ్చామని రాసే కాగితంలో, ఏ అని కొట్టారు, అదే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయింది, అక్కడి నుంచి దేశమంతటి తాకట్లు నమోదు చేసే సెర్సాయ్‌లోకీ ఎక్కింది. మెమోరాండం టైపు చేసింది మా దగ్గరే, అందుకని తప్పులో నా వాటా కూడా ఉంది.

రెండేళ్ల దాకా ఎవరికీ తెలియలేదు. పెద్దనాన్న కొడుకు తన జాగా అమ్ముకుందామని ఈసీ (జాగా మీద రిజిస్టర్ అయిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయిస్తే, తను ఎప్పుడూ గడప తొక్కని బ్యాంకు పేరు అందులో కనబడింది! ఇద్దరికీ మాటలు లేకుండా పోయాయి. మిల్లు ఆయన నాకు ఫోన్ చేసి, "ఒక్క దీర్ఘం పోతే ఇంత లొల్లి అయితదా తమ్మీ?" అన్నారు. అవుతుంది. బ్యాంకు చేతిలో ఉన్న ఒరిజినల్ దస్తావేజు ఒక జాగాది, రిజిస్టర్ అయిన మెమోరాండం ఇంకో జాగాది. రేపు బాకీ ఎగ్గొడితే సర్ఫేసీ చట్టం కింద స్వాధీనం చేసుకోవాలన్నా ముందు ఆ ఆస్తి మీద హక్కు సెర్సాయ్‌లో నమోదై ఉండాలి. 2020 జనవరి నుంచి ఇది తప్పనిసరి. నమోదైతే ఉంది, వేరేవాళ్ల జాగా మీద ఉంది. సవరణ దస్తావేజు, కొత్త ఒపీనియన్, సెర్సాయ్‌లో మార్పు, మధ్యలో ఆ అన్నను బతిమాలడం, అన్నీ కలిపి నెలన్నర పట్టింది.

ఆ ఫైలును మళ్లీ విప్పినప్పుడు ఇంకోటి బయటపడింది. రెవెన్యూ కాగితంలో విస్తీర్ణం 1.12 అని ఉంది. మనకు దాని అర్థం ఎకరం పన్నెండు గుంటలు. ఇంగ్లీషు ఫారంలో అది 1.12 ఎకరాలు అయింది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి పన్నెండు గుంటలంటే 0.30, అంటే అక్కడ 1.30 ఎకరాలు రావాలి. గుంటకు 121 గజాల లెక్కన ఏడు గుంటల చిల్లర, 870 గజాల పైన, కాగితం మీద మాయమైపోయింది. ఆ తక్కువ విస్తీర్ణం మీదే విలువ కట్టారు కాబట్టి ఆయనకు లిమిట్, అంటే బ్యాంకు ఇచ్చే అప్పు మొత్తం, కూడా తక్కువ వచ్చి ఉంటుంది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నాకు రెండు రోజులు ధైర్యం చాలలేదు.

జిల్లా పేరు గొడవ మన దగ్గర ప్రత్యేకం. పాత దస్తావేజుల్లో వరంగల్ జిల్లా, 2016 తర్వాత రాసిన వాటిలో వరంగల్ అర్బన్ లేదా రూరల్, 2021 నుంచి అర్బన్‌ను హనుమకొండ అని, రూరల్‌ను వరంగల్ అని మార్చారు. పాత ఫైలు కాపీ చేసి పేరు, తేదీ మార్చి ప్రింట్ తీసే అలవాటు ఉన్నచోట ఈ నాలుగూ ఒకే మెమోరాండంలో కనబడతాయి. దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు రాసి, 'ప్రస్తుతం ఫలానా జిల్లా' అని పక్కన చేర్చడమే మేలు, సొంతంగా దిద్దవద్దు. ఇంటిపేరూ అంతే. ఆధార్‌లో ముందు, పాన్‌లో వెనక, దస్తావేజులో ఒక్క పొడి అక్షరం. నేనైతే ఇవన్నీ ఒకే మనిషివని ముందే ఒక అఫిడవిట్ తీసుకుని ఫైలులో పెడతాను.

కంపెనీ పేరు మీద లోనైతే ఇంకో టెన్షన్. ఛార్జ్ (కంపెనీ ఆస్తి మీద బ్యాంకుకు వచ్చే తాకట్టు హక్కు) ఏర్పడిన తేదీ నుంచి 30 రోజుల్లో దాన్ని నమోదు చేయించే సీహెచ్‌జీ-1 ఫారం రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు వెయ్యాలి. అదనపు ఫీజు కట్టి తర్వాత కూడా వేసుకునే వీలుంది గానీ దానికీ గడువుంది. చాలామంది శాంక్షన్ లెటర్ తేదీ పట్టుకుని లెక్కపెడతారు, చూడాల్సింది అగ్రిమెంట్ మీద సంతకాలు అయిన తేదీ. ఒక జిన్నింగ్ మిల్లుకు లిమిట్ రెండు కోట్ల నుంచి మూడున్నరకు పెంచినప్పుడు పాత ఛార్జ్ ఐడీ మీద మార్పుగా వెయ్యాల్సింది కొత్త ఛార్జ్‌గా వేశారు. రికార్డు చూసినవాళ్లకు ఆ కంపెనీ నెత్తిన ఐదున్నర కోట్ల బాకీ ఉన్నట్టే. మొత్తం కట్టేశాక కొత్త ఐడీకి మాత్రం బాకీ తీరిందని చెప్పే సీహెచ్‌జీ-4 ఫారం వేసి మూసి, పాతదాన్ని అందరూ మర్చిపోయారు. బ్యాంకు మారదామని వెళితే, "మీకు ఇంకా రెండు కోట్లు నడుస్తున్నాయి కదా" అన్నారట.

లోను తీరిన రోజు స్వీట్ బాక్సు ఇస్తారు గానీ, ఛార్జ్ తీసేశారా లేదా అని అడగరు. ఇళ్ల లోన్ల లాంటి వ్యక్తిగత లోన్లకు 2023 డిసెంబరు నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది: పూర్తిగా కట్టిన 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగివ్వాలి, రిజిస్టర్ చేసిన ఛార్జ్ కూడా తీసెయ్యాలి, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు ఐదు వేలు కట్టాలి. అడిగి తీసుకోండి, మొహమాటం ఎందుకు?

ఆ మిల్లు గొడవ తర్వాత మా ఆఫీసులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకరు ఒరిజినల్ దస్తావేజు పట్టుకుని తెలుగులో పైకి చదవాలి, అ అయితే 'అమ్మ అ', ఆ అయితే 'ఆవు ఆ' అని మరీ, ఇంకొకరు ఇంగ్లీషు ఫారం మీద పెన్సిలుతో టిక్కు పెట్టాలి, హద్దులు నాలుగూ వేలు పెట్టి చూడాలి. కొత్తగా చేరిన పిల్లలు బడి గుర్తొస్తోందని నవ్వుతారు. నవ్వనివ్వండి.

పోయిన వారం ఆ మిల్లు ఆయనే కొడుకు ఇంటి లోను పేపర్లు వాట్సాప్‌లో పంపి, సంతకం పెట్టేముందు ఒకసారి చూడమన్నారు. సర్వే నంబరు, గజాలు తనే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి టిక్కు కూడా పెట్టేశారు. రెండూ కరెక్టే. తూర్పు హద్దులో మాత్రం పక్కింటాయనకు బదులు ఈ కొడుకు పేరే ఉంది.