రాజమండ్రిలో మానిటర్ లేని కంప్యూటర్, హైదరాబాద్ నుంచి లినక్స్: నా అనుభవం

అక్కావాళ్లింట్లో అటక మీద పడున్న పాత డెస్క్‌టాప్‌ని ఫొటోలు, షాపు బిల్లులు దాచుకునే సర్వర్‌గా మార్చాలని నా ఆలోచన. కంప్యూటర్ రాజమండ్రిలో ఉంది, నేను హైదరాబాద్‌లో ఉన్నాను. దాని మానిటర్ ఎప్పుడో పోయింది. ఇంట్లో టీవీకి హెచ్‌డీఎంఐ తప్ప వేరే పోర్టు లేదు, ఈ డబ్బాకి వీజీఏ తప్ప ఇంకోటి లేదు. సెకండ్ హ్యాండ్ మానిటర్ కొనొచ్చు కదా అంటారేమో. కొనొచ్చు. కానీ సర్వర్ అయ్యాక అది ఎలాగూ మానిటర్ లేకుండానే మూల పడుండాలి, ఏదైనా తేడా వస్తే నేను ఇక్కడి నుంచే చూసుకోవాలి. అలాంటప్పుడు ఇన్‌స్టాల్ చేయడానికి మాత్రం స్క్రీన్ దేనికి అనిపించింది.

అక్కడ చేతిసాయం మా బావ. ఆయనది మోటార్ వైండింగ్ షాపు. స్క్రూడ్రైవర్, మల్టీమీటర్ పట్టుకోవడం ఆయనకి మంచినీళ్లు తాగినంత తేలిక. కంప్యూటర్ అనేసరికి మాత్రం "ఆ మౌస్ గోల నాకెందుకురా" అంటాడు. ఈ పనిలో మౌస్ ముట్టుకునే అవసరమే లేదు బావా అంటే ఒప్పుకున్నాడు.

విండోస్‌కి బదులు వాడే లినక్స్‌లో డెబియన్ అనే రకం, అందులో 12వ వెర్షన్ ఎంచుకున్నాను. దాని ఇన్‌స్టాలర్‌లో నెట్‌వర్క్ కన్సోల్ అనే భాగం ఉంటుంది. అది నడిస్తే ఇన్‌స్టాలర్ తానే ఒక చిన్న ఎస్‌ఎస్‌హెచ్ (ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదాన్ని కమాండ్లతో నడిపే పద్ధతి) సర్వర్ తెరిచి, మిగతా ఇన్‌స్టాల్‌ని వేరే కంప్యూటర్ నుంచి నడుపుకోనిస్తుంది. చదవడానికి ఇంతే. కానీ నెట్‌వర్క్ దాకా రాకముందే ఇన్‌స్టాలర్ భాష ఏది, దేశం ఏది, కీబోర్డ్ ఏది అని వరసగా అడుగుతుంది. అక్కడ స్క్రీన్ చూసి జవాబిచ్చేవాళ్లు లేరు. కాబట్టి ఈ పనిలో నా బుర్రంతా తిన్నది ఇన్‌స్టాల్ కాదు. మెషిన్ ఎక్కడెక్కడ మనిషి కోసం ఆగుతుందో ఒక్కొక్కటే ఊహించి, ఆ జవాబు ముందే పెట్టడం.

దానికి డెబియన్‌లో ప్రీసీడ్ ఫైలు ఉంది. ప్రశ్నలకి జవాబులు రాసి పెట్టుకునే మామూలు టెక్స్ట్ ఫైలు. దాన్ని నెట్‌లో పెట్టి అడ్రస్ ఇవ్వొచ్చు, కానీ నెట్ వచ్చేలోపు అడిగే ప్రశ్నలకి అది పనికిరాదు. అందుకని ఐఎస్‌ఓ, అంటే ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైలు విప్పి, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌తో పాటు మొట్టమొదట మెమరీలోకి ఎక్కే ఇనిట్‌ఆర్‌డీలోనే ఆ ఫైలు కలిపేశాను. అక్కడుంటే ఎవరూ చెప్పకుండానే ఇన్‌స్టాలర్ దాన్ని వెతుక్కుని చదువుకుంటుంది. అందులో భాష, దేశం, కీబోర్డ్, డీహెచ్‌సీపీ (అడ్రస్‌ని రూటర్ నుంచే తీసుకోవడం), నెట్‌వర్క్ కన్సోల్ పాస్‌వర్డ్ రాశాను. ఈ ఐఎస్‌ఓ ఎక్కించే పెన్‌డ్రైవ్‌ని విప్పి చూస్తే పాస్‌వర్డ్ కనిపించేలాగే ఉంటుంది కాబట్టి ఆ ఒక్క రోజుకి పనికొచ్చేది పెట్టాను.

ఆ తర్వాత బూట్ మెనూ. బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే, బోర్డు మీదుండే చిన్న ప్రోగ్రామ్) ఉన్న పాత మెషిన్లలో డెబియన్ పెన్‌డ్రైవ్ ఐసోలినక్స్ అనే ప్రోగ్రామ్‌తో మొదలవుతుంది, మెనూ చూపించి కాసేపు మన కోసం ఆగుతుంది, ఏదీ నొక్కకపోతే మాట్లాడే ఇన్‌స్టాలర్‌ని మొదలుపెడుతుంది. దాన్ని మామూలు ఇన్‌స్టాలరే మొదలయ్యేలా మార్చి, టైమౌట్ విలువ 50 పెట్టాను. అది సెకన్లు కాదు, సెకనులో పదో వంతులు. అంటే 5 సెకన్లాగి దానంతటదే ముందుకెళ్తుంది. నెట్‌వర్క్ కార్డు పనిచేయడానికి కావాల్సిన ఫర్మ్‌వేర్ గురించి ఒకప్పుడైతే భయపడాల్సి వచ్చేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అధికారిక ఐఎస్‌ఓలోనే కలిపి ఇస్తున్నారు. వైఫై జోలికి పోలేదు, నేరుగా ల్యాన్ కేబులే.

మరి బయాస్ ముందు పెన్‌డ్రైవ్ వైపు చూడాలి కదా, బూట్ ఆర్డర్ ఎలా మార్చడం? మార్చలేదు. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని, పాత హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి, దాని స్థానంలో పెట్టమన్నాను. ఖాళీ డిస్క్‌లో బూట్ అవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి బయాస్ తర్వాతి దానికి, అంటే పెన్‌డ్రైవ్‌కి వెళ్తుంది. దీనితో ఇంకో లాభం ఉంది. మేనల్లుడి బారసాల దగ్గర్నుంచి ఫొటోలన్నీ పాత డిస్క్‌లోనే ఉన్నాయి. కేబులే లేనప్పుడు పొరపాటున కూడా దాన్ని ఫార్మాట్ చేసే ప్రమాదం లేదు. దూరం నుంచి ఇన్‌స్టాల్ చేసేవాళ్లెవరైనా ఈ ఒక్కటి మాత్రం మానొద్దని నా మాట.

ఇదంతా ముందు నా ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్), డిస్‌ప్లే పూర్తిగా ఆపేసి నడిపి చూశాను. ఎస్‌ఎస్‌హెచ్ ప్రాంప్ట్ వచ్చిందంటే ఫైలు సరిగ్గా ఉన్నట్టే. పెన్‌డ్రైవ్ ఒక తెలిసినాయన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తుంటే ఇచ్చి పంపాను.

ఆదివారం పొద్దున బావ అన్నీ బిగించి ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. నేను ఆయన్ని కళ్లతో చూడమనలేదు, చెవులతో వినమన్నాను. ఆ బోర్డు మీద చిన్న బజర్ ఉంది. ఆన్ చేయగానే అంతా బాగుంటే బయాస్ ఒకసారి బీప్ ఇస్తుంది. డెబియన్ మెనూ వచ్చినప్పుడు ఇంకోసారి బీప్ వస్తుంది. ఈ రెండోది అసలు కంటిచూపు లేనివాళ్ల కోసం పెట్టింది. అది వినగానే ఎస్ కొట్టి ఎంటర్ నొక్కితే ఇన్‌స్టాలర్ మాట్లాడటం మొదలుపెడుతుంది, ప్రతి ప్రశ్నా చదివి వినిపిస్తుంది. వాళ్ల కోసం ఎవరో శ్రద్ధగా చేసిన పని ఆ రోజు మాకు అక్కరకొచ్చింది.

"కూసిందిరా," అన్నాడు బావ.

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. ఫ్యాన్ తిరుగుతోంది."

ఆగాం. రెండో బీప్ లేదు. అంటే బయాస్ మొదటి పరీక్ష దాటింది గానీ మెనూ దాకా రాలేదు. మధ్యలో ఎక్కడో నిలబడింది. హ్యాంగ్ అయిందా, లేక ఏదైనా అడిగి జవాబు కోసం చూస్తోందా తెలియాలి. "కీబోర్డ్ మీద నమ్‌లాక్ నొక్కు బావా, లైటు మారుతోందా?" అన్నాను. నొక్కిన ప్రతిసారీ వెలుగుతోంది, ఆరుతోంది అన్నాడు. అయితే బతికే ఉంది, ఏదో అడుగుతోంది.

అప్పుడు వెనక నుంచి అక్క గొంతు వినిపించింది. "అది ఆన్ చేసినప్పుడల్లా ఎఫ్1 నొక్కేవాళ్లం కదండీ, మర్చిపోయారా?"

అంతే, విషయం తెలిసిపోయింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ పోతే బయాస్ సెట్టింగులు, టైము నిలవవు. ఆన్ చేసిన ప్రతిసారీ ఎర్రర్ చూపించి ఎఫ్1 నొక్కమంటుంది. ఇన్నేళ్లూ వాళ్లు దాన్ని కంప్యూటర్ ఆన్ చేసే పద్ధతే అనుకున్నారు. బావ అప్పటికే స్విచ్ కట్టేసి బ్యాటరీ పీకి మల్టీమీటర్ పెట్టాడు. 3 వోల్టులు ఉండాల్సింది ఒకటిన్నర కూడా లేదట. వీధి చివర వాచీల షాపులో కొత్తది తెచ్చి వేశాడు. మొదటిసారి మళ్లీ ఒక బీప్‌తోనే ఆగింది, ఎఫ్1 నొక్కాడు, కాసేపటికి రెండో బీప్ వచ్చింది. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయించాను. ఈసారి ఎవరూ ఏదీ నొక్కకుండానే రెండు బీపులూ వచ్చాయి. బావ కన్నా నేనే ఎక్కువ సంతోషపడ్డాను.

ఇక కొన్ని నిమిషాలు మౌనం. ఆ టైములో లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు గానీ జరుగుతోందో లేదో తెలియదు. మొత్తం పనిలో టెన్షన్ పడింది ఇక్కడే. బావ ఫోన్‌లో రూటర్ పేజీ తెరిచి, కనెక్ట్ అయిన వాటి పేర్లు, అడ్రస్‌లు చదవమన్నాను. టీవీ, అక్క ఫోన్, బావ ఫోన్... "పేరు లేకుండా ఒకటుందిరా, చివర 37." అదే మనది.

అయినా నేను నేరుగా దానిలోకి వెళ్లలేను. చాలా ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లాగే అక్కడా కనెక్షన్ సీజీనాట్ వెనక ఉంది. అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని చాలామంది కస్టమర్లు పంచుకుంటారు, బయటి నుంచి ఇంట్లోకి దారి ఉండదు. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా దండగే. దారి లోపలి నుంచే తెరవాలి. పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి డ్రాయర్‌లో ఉంటే, ముందు రోజే అందులో ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి టెర్మక్స్ (ఫోన్‌లో లినక్స్ కమాండ్లు నడిపే యాప్) వేయించి ఉంచాను. నా దగ్గర నెలవారీ అద్దెకి తీసుకున్న చిన్న వీపీఎస్, అంటే ఎక్కడి నుంచైనా చేరగలిగే నెట్‌లోని సర్వర్, ఉంది. ఆ ఫోన్ వీపీఎస్‌కి ఎస్‌ఎస్‌హెచ్ రివర్స్ టన్నెల్ వేస్తుంది, నేను వీపీఎస్ మీద ఒక పోర్టుకి కనెక్ట్ అయితే అది ఇంట్లో 37కి చేరుతుంది. కమాండ్ ఫోన్‌లో చెప్పి టైప్ చేయిద్దామనే ఆలోచన ఎవరూ పెట్టుకోవద్దు. వాట్సాప్‌లో పంపాను, బావ కాపీ చేసి పేస్ట్ చేశాడు. దానికి ముందు టెర్మక్స్‌లో వేక్‌లాక్ కూడా పెట్టించాలి, లేకపోతే స్క్రీన్ ఆరిపోయిన కాసేపటికి ఆండ్రాయిడ్ దాన్ని చంపేస్తుంది, టన్నెల్ తెగిపోతుంది.

ఇన్‌స్టాలర్ అనే యూజర్ పేరుతో లాగిన్ అయ్యాను. నీలం స్క్రీన్ మీద మెనూ వచ్చింది. అక్కడి నుంచి ఎదురుగా కూర్చుని చేస్తున్నట్టే ఉంటుంది కాబట్టి వివరాల్లోకి పోను. టెర్మినల్ విండో సైజు మాత్రం మధ్యలో మార్చకండి, మారిస్తే కనెక్షన్ తెగుతుందని డెబియన్ మాన్యువల్‌లోనే హెచ్చరిక ఉంది.

డిస్క్‌ల పేజీలో మాత్రం బాగా ఆగాను. మామూలుగా ఎస్‌డీఏ అంటే మొదటి డిస్క్ అనుకుంటాం. ఇక్కడ ఎస్‌డీఏ 8 జీబీ చూపిస్తోంది, ఎస్‌డీబీ 240 జీబీ చూపిస్తోంది. అంటే ఎస్‌డీఏ మన పెన్‌డ్రైవే. సిస్టమ్‌ని లేపే గ్రబ్ అనే బూట్‌లోడర్ ఎక్కడ పెట్టాలి అని చివర్లో అడిగినప్పుడు అలవాటుగా ఎస్‌డీఏ అని కొడితే బూట్‌లోడర్ పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది. పెన్‌డ్రైవ్ తీసేశాక కంప్యూటర్ లేవదు, ఎందుకు లేవట్లేదో చూడటానికి స్క్రీనూ లేదు. అందుకే ఈ ఒక్క జవాబు ప్రీసీడ్‌లో రాయకుండా నా చేతికే వదిలాను. సాఫ్ట్‌వేర్ ఎంపికలో డెస్క్‌టాప్‌లన్నీ తీసేసి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ టిక్ ఉందో లేదో మళ్లీ చూసుకున్నాను. మామూలు యూజర్ అకౌంట్ కూడా పెట్టుకోవాలి. డెబియన్‌లో రూట్ (అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్) పాస్‌వర్డ్‌తో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌ని మనం సెట్టింగ్ మార్చకపోతే ఒప్పుకోరు.

ప్యాకేజీలు దిగుతుండగా అక్కడ కరెంటు పోయింది. కంప్యూటర్, రూటర్ రెండింటినీ పొద్దున్నే ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించాం కాబట్టి ఏమీ కాలేదు. ఫ్యాన్ కూడా లేకుండా చెమటలు కక్కుతూ కూర్చున్నది బావ ఒక్కడే. ఆ గదిలో ఇన్వర్టర్ ప్లగ్ ఒకటే ఉందట, అది కంప్యూటర్‌కి ఇచ్చేశాడు.

చివర్లో ఇన్‌స్టాలర్ మామూలుగా రీబూట్ అవుతుంది. రీబూట్ అయితే పెన్‌డ్రైవ్ ఎప్పుడు తీయాలో బావకి తెలియదు, తీయకపోతే మళ్లీ ఇన్‌స్టాలరే రావొచ్చు. అందుకని పని అవ్వగానే పవర్ ఆఫ్ అయ్యేలా ప్రీసీడ్‌లో రాశాను. "ఫ్యాన్ ఆగిపోతే అయిపోయినట్టు. అప్పుడు పెన్‌డ్రైవ్ పీకి, మళ్లీ ఆన్ చెయ్." ఈ ఏర్పాటు బావకి తెగ నచ్చింది. మోటార్లు బాగు చేసే మనిషికి ఇంతకన్నా అర్థమయ్యే సిగ్నల్ ఉండదు.

ఆన్ చేశాక అదే అడ్రస్‌కి ప్రయత్నిస్తే ఎస్‌ఎస్‌హెచ్ పెద్ద హెచ్చరిక చూపించింది. కంగారు పడక్కర్లేదు. ఇందాక మాట్లాడింది ఇన్‌స్టాలర్, ఇప్పుడు మాట్లాడేది కొత్త సిస్టమ్, రెండింటి హోస్ట్ కీలు, అంటే ఎస్‌ఎస్‌హెచ్ మెషిన్‌ని గుర్తుపట్టే కీలు, వేరు. పాత కీ తీసేసి లాగిన్ అయ్యాను. మొదటి పనిగా ఆ ఫోన్ మీద ఆధారపడకుండా కంప్యూటరే వీపీఎస్‌కి టన్నెల్ వేసుకునేలా సర్వీస్ రాశాను. రూటర్‌లో ఆ మెషిన్‌కి 37 ఖాయం చేయించాను. ఆ తర్వాతే షట్‌డౌన్ చేసి పాత డిస్క్ కేబుల్ పెట్టించాను. దాన్ని చదవడానికి మాత్రమే మౌంట్ చేసి ఫొటోలన్నీ ఎస్‌ఎస్‌డీకి కాపీ చేశాను, ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే సాంబా అనే ప్రోగ్రామ్‌తో అందరి ఫోన్లకీ కనిపించేలా పెట్టాను.

ఒక్కటి మిగిలింది. ఇన్వర్టర్ కూడా అయిపోయేంత సేపు కరెంటు పోతే, మళ్లీ వచ్చాక కంప్యూటర్ దానంతటదే ఆన్ అవ్వదు. ఆ సెట్టింగ్ బయాస్‌లో ఉంటుంది. ఆ పాత బయాస్‌లోకి స్క్రీన్ లేకుండా వెళ్లి దాన్ని మార్చే దారి నాకు దొరకలేదు. ప్రస్తుతానికి బావే బటన్ నొక్కి రెండు బీపులు... కాదు, ఇప్పుడు ఒక్కటే... వచ్చిందో లేదో విని, వచ్చిందని మెసేజ్ పెడుతున్నాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు పక్కింటివాళ్ల మానిటర్ ఓ పది నిమిషాలు అడగాలి.