గోపాలపట్నంలో ఒక సెస్నా, దాన్ని రోజూ పాడుచేసే మా నాన్న

మా ఇల్లు గోపాలపట్నంలో, మేడ ఎక్కితే ఎయిర్‌పోర్ట్‌లో దిగే విమానాలు కనపడతాయి, ఆ పిచ్చి చిన్నప్పట్నుంచీ ఉన్నదే. పైలట్ అయ్యేంత డబ్బు లేదు, కాలేదు. ఇప్పుడు వెనక గదిలో పాత డైనింగ్ టేబుల్ మీద మానిటర్, యోక్ (విమానం స్టీరింగ్), కింద రడ్డర్ పెడల్స్ పెట్టుకుని ఎక్స్‌ప్లేన్ అనే విమాన సిమ్యులేటర్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం నడుపుకుంటున్నా. మొదట్లో అందరిలాగే, ఇంజిన్ తిరుగుతున్న విమానాన్ని డైరెక్ట్‌గా మన వైజాగ్ రన్‌వే 10 మీద లోడ్ చేసుకోవడం, థ్రాటిల్ తోసేయడం, సముద్రం వైపు వెళ్ళిపోవడం. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో ఇంకా సుఖం, కీబోర్డులో కంట్రోల్ కీ పట్టుకుని E అక్షరం నొక్కితే ఇంజిన్ దానంతటదే స్టార్ట్ అయిపోద్ది.

తర్వాత బుద్ధొచ్చి, అసలు పైలట్లు చేసినట్టు చేద్దామని, ఎక్స్‌ప్లేన్‌లో ఇంజిన్లు ఆన్‌లో మొదలుపెట్టు అనే టిక్ తీసేసి, అన్నీ ఆపేసి చల్లగా చీకటిగా ఉన్న కాక్‌పిట్‌తో మొదలుపెట్టా. చెక్‌లిస్ట్ ప్రింట్ తీసి ఎన్ఏడీ జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపులో లామినేషన్ కూడా చేయించా. కంట్రోల్ లాక్ తీశాను, మాస్టర్ స్విచ్ ఆన్, ఫ్యూయెల్ గేజ్‌లు ఓకే, ఫ్యూయెల్ సెలెక్టర్ (ఏ ట్యాంకు పెట్రోల్ వాడాలో ఎంచుకునే నాబ్) బోత్, అంటే రెండు ట్యాంకులూ, ఇలా గడగడా చదువుకుంటూ పోయేవాణ్ణి, మూడు నెలలు చేశా, ఒక్కసారి కూడా ఏ తప్పూ దొరకలేదు. ఎందుకు దొరుకుద్దండీ, సిమ్యులేటర్‌లో విమానం ప్రతిసారీ ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినట్టు కొత్తది కదా. ఈ విషయం మాత్రం నాకు తట్టలేదు, మా నాన్నకి తట్టింది.

నాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యాడు. డిపోలోంచి బండి తీసేముందు ఇనప రాడ్డు పట్టుకుని చుట్టూ తిరిగి ప్రతి టైరునీ కొట్టి చూసేవాడట. వెనక జంట టైర్లలో లోపలిది గాలి దిగిపోయినా బయటిది మోసేస్తది, కంటికి కనపడదు, మోతలోనే తెలుస్తది. రేడియేటర్‌లో నీళ్ళు, ఆయిల్ పుల్ల తీసి చూడ్డం, బ్రేకులకి ఎయిర్ ఎక్కేదాకా గేజ్ చూస్తూ కూర్చోడం, ఇవన్నీ రోజూ. ఓ రోజు నా వెనక నించుని అంతా చూసి, "ఏట్రా అది, సదవడమా సూడ్డమా?" అని వెళ్ళిపోయాడు. నాకు మండింది.

మర్నాడు ఇంజిన్ స్టార్ట్ అవ్వలేదు. స్టార్టర్ తిరుగుతోంది, ప్రొపెల్లర్ తిరుగుతోంది, పట్టుకోవట్లేదు. పెట్రోల్, గాలి పాళ్ళు సర్దే మిక్చర్ నాబ్ చూశా, ఫ్యూయెల్ పంప్ చూశా, యూఎస్‌బీ వైరు పీకి మళ్ళీ పెట్టా, ఆఖరికి గ్రాఫిక్స్ కార్డుని కూడా తిట్టుకున్నా. పదిహేను నిమిషాల తర్వాత కాఫీ తాగుతూ నాన్న, "కింద సూసినావా?" అన్నాడు. 172లో ఫ్యూయెల్ సెలెక్టర్ రెండు సీట్ల మధ్యన నేల మీద ఉంటుంది, సిమ్‌లో అది కనపడాలంటే కెమెరా కిందకి దించాలి, నేను ఏ రోజూ దించలేదు. ప్రతి రోజూ నోటితో "బోత్" అనేసి ముందుకెళ్ళిపోయా. నేను భోజనానికి వెళ్ళినప్పుడు నాన్న మౌస్‌తో దాని దగ్గరే ఉండే, పెట్రోల్‌ని పూర్తిగా ఆపేసే షటాఫ్ నాబ్‌ని బయటికి లాగి పెట్టాడు. నేను అటు చూడట్లేదని మూడు రోజుల ముందే కనిపెట్టాడట.

అప్పట్నుంచి అదే మా ఇంట్లో ఆట అయిపోయింది. నేను గదిలోంచి బయటికెళ్తా, నాన్న ఏదో ఒకటి చెడగొడతాడు, కొన్నిసార్లు ఏదీ చెడగొట్టడు కూడా, అదే అసలు బాధ. ఓ రోజు, విమానం ముక్కు పైకో కిందకో ఒరిగేలా సర్దే ట్రిమ్ చక్రాన్ని ముక్కు పైకి లేచే వైపు పూర్తిగా తిప్పేశాడు, నేను చూడకుండా పరిగెత్తించా, ఇంకా 55 నాట్లు రాకుండానే ముక్కు లేచిపోయింది, లేచిన ముక్కు దిగలేదు, రెక్కలకి లేపే బలం పోయి, అంటే స్టాల్ అయ్యి, రన్‌వే పక్కన గడ్డిలో కూలబడ్డా. అమ్మ తలుపు దగ్గర నించుని "అన్నం సల్లారిపోతోంది, నీ ఇమానం ఎగరదు గానీ రా" అంది.

ఎక్స్‌ప్లేన్‌లో ఫెయిల్యూర్స్ అని ఒక మెనూ ఉంది, చాలామంది దాని జోలికే పోరు. ఆల్టర్నేటర్ పోవడం, వాక్యూమ్ పంప్ పోవడం, గాలి వేగం కొలిచే పిటో ట్యూబ్ మూసుకుపోవడం, ఏది ఎప్పుడు పాడవ్వాలో పెట్టుకోవచ్చు, లేదా దాని ఇష్టానికి వదిలేయొచ్చు. నాన్నకి ఇంగ్లీషు చదవడం కష్టం కాబట్టి అది నేనే పెట్టుకుంటా, నాన్న డ్యూటీ మాత్రం స్విచ్చులూ నాబ్‌లూ. సెలెక్టర్ కోసం చెక్కముక్కకి ఒక రోటరీ స్విచ్ బిగించి నేల మీద పెట్టా, ఇప్పుడు వంగి చూడాల్సిందే.

మాగ్నెటో చెక్ సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు బాగా నచ్చింది అదే. మాగ్నెటో అంటే ఇంజిన్‌లో పెట్రోల్ అంటుకోడానికి నిప్పురవ్వ పుట్టించేది, రెండుంటాయి. 172ఎస్‌లో ఇంజిన్ వేగం 1800 ఆర్‌పీఎమ్ దగ్గర పెట్టి తాళం ఒక మాగ్నెటో మీదకి తిప్పితే కొంచెం తగ్గుద్ది, రెండో దాని మీదకి తిప్పితే కొంచెం తగ్గుద్ది, ఏ వైపూ 150 దాటకూడదు, రెండిటికీ మధ్య తేడా 50 దాటకూడదు. నేను తగ్గిందా లేదా అని మాత్రమే చూసేవాణ్ణి, అసలు తగ్గకపోతే ఇంకా మంచిది అనుకునేవాణ్ణి. కాదట! అస్సలు తగ్గకపోతే, ఆపేశామనుకున్న మాగ్నెటో నిజానికి ఆగట్లేదని అనుమానించాలి, అలాంటి విమానం నేల మీద ఆగి ఉన్నప్పుడు ఎవరైనా చేత్తో ప్రొపెల్లర్ తిప్పితే ఇంజిన్ అంటుకునే ప్రమాదం ఉంది. సూది కదలకపోవడం కూడా ఒక జబ్బే అని మూడు నెలలు తెలీకుండా ఓకే ఓకే అనుకుంటూ తిరిగా.

ఇదంతా ఇంట్లో కూర్చుని ఆడుకునేవాడి చాదస్తం అంటారు కొందరు ఫ్రెండ్స్. 1935 అక్టోబర్ 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 టేకాఫ్ అవ్వగానే కూలిపోయింది, గాలికి రెక్కల మీదా తోక మీదా ఆడే భాగాలు కొట్టుకోకుండా వేసే లాక్ తీయలేదు, ఆ దెబ్బతోనే అక్కడి పైలట్లు చెక్‌లిస్ట్ కాగితం మీద రాసుకోవడం మొదలెట్టారు. సరే, పాత కథ. కానీ 2014 మే 31న మసాచుసెట్స్‌లోని బెడ్‌ఫర్డ్‌లో ఒక గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ మళ్ళీ అదే లాక్‌తో పరిగెత్తి ఏడుగురు చనిపోయారు. విచారణలో తేలిందేంటంటే ఆ పైలట్లు అంతకుముందు చేసిన 175 టేకాఫ్‌లలో 98 శాతం కంట్రోల్స్ పూర్తిగా కదిపి చూసుకోకుండానే వెళ్ళారు. అంత అనుభవం ఉన్నవాళ్ళు. అన్నిసార్లూ ఏమీ అవ్వలేదు కాబట్టే చూడ్డం మానేశారేమో అని నా అనుమానం, నా మూడు నెలల లాగే. ఇది చదివాక యోక్‌ని నాలుగు వైపులా తిప్పి, బయటి వ్యూలోకి వెళ్ళి అవి సరిగ్గా కదులుతున్నాయో లేదో చూడకుండా నేను కదలట్లేదు.

సిమ్యులేటర్‌లో రానివి రావు, అది ఒప్పుకోవాలి. రెక్క కింద పెట్రోల్ కొంచెం కప్పులోకి తీసి చూస్తారు, ఈ విమానాల్లో పోసే 100ఎల్ఎల్ రకం పెట్రోల్ నీలంగా ఉంటది, నీళ్ళుంటే అడుగున తేరుకుంటాయి. మన వైజాగ్ ఉక్కపోతలో సగం ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరడం పెద్ద విషయం కాదు, కానీ నా డైనింగ్ టేబుల్ మీద ఆ కప్పు లేదు. రెక్క మీద ఆడే భాగాల కీళ్ళని చేత్తో పట్టుకుని ఊపి చూడ్డం లేదు, ఆయిల్ వాసన లేదు. మైక్రోసాఫ్ట్ 2024 వెర్షన్‌లో విమానం చుట్టూ నడిచి చూడ్డం పెట్టారు, నా పాత పీసీ దాన్ని మోయలేదు.

పోయిన ఆదివారం రాత్రి వరసగా అన్నీ చూసుకుంటూ వస్తున్నా. లైట్లు వేసి బయటి వ్యూలోకి వెళ్తే ల్యాండింగ్ లైట్ వెలగలేదు. ఇదివరకైతే స్విచ్ టక్ మంటే చాలు, వెలిగిందో లేదో చూసేవాణ్ణే కాదు. దొరికిపోయావు నాన్నా అని గట్టిగా అరిచా. టీవీ ముందు నుంచి లేవకుండానే "నానేటీ ముట్నేదురా, ఒట్టు" అన్నాడు. నమ్మలేదు. సెట్టింగులన్నీ వెతికా, ఫెయిల్యూర్స్ మెనూ చూశా, ఏమీ లేదు. నేను కట్టుకున్న స్విచ్చుల ప్యానెల్ విప్పి మల్టీమీటర్ పెడితే టాగిల్ స్విచ్చే పోయింది, కాళ్ళకి పచ్చగా తుప్పు, సముద్రపు గాలి పని. వచ్చే సోమవారం డ్యూటీ అయ్యాక డాబాగార్డెన్స్ వెళ్ళి ఒకటి కాదు, నాలుగు తెచ్చుకోవాలి. పక్కనున్న పిటో హీట్ స్విచ్ కూడా కొంచెం పచ్చగానే ఉంది.