కింది పోర్షన్‌కి రాసిన నోటీసు

మా ఇల్లు విశాఖ గోపాలపట్నంలో. 2020 మే 7 తెల్లారగట్ట పక్కనే వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయినప్పుడు, అమ్మని స్కూటీ మీద ఎక్కించుకుని సింహాచలం వైపు పారిపోయాను. అప్పట్నించి ఏ కొత్త వాసనొచ్చినా అమ్మ ముందు తలుపులన్నీ తీసేస్తుంది.

అందుకే ఓ మధ్యాహ్నం "కింద ఏటో గేసు వాసనొస్తందే" అంటే పరుగున దిగాను. వాష్ ఏరియాలో పెద్ద సిలిండర్ తలకిందులుగా ఉంది. దాన్నుంచి రబ్బరు గొట్టంతో చిన్న సిలిండర్లోకి గ్యాస్ ఎక్కిస్తున్నాడు కింది పోర్షన్‌లో అద్దెకుంటున్నాయన. పక్కన కాటా. గొట్టానికి తెల్లగా మంచు పట్టింది. రెండడుగుల దూరంలో వాళ్ల పాప నేల మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. వంట గ్యాస్ గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. నా కాళ్లు వణికాయి.

"తప్పయిపోయిందండీ, ఇంకెప్పుడూ చెయ్యను" అన్నాడు. మూడు వారాలకి మళ్లీ అదే వాసన.

మోటారు ఆపేసి గేటుకి తాళం వేసేద్దామన్నాడు అన్నయ్య. కోపం నాకూ ఉంది, కానీ ఆ నీళ్లే కదా పాప తాగేది! పైగా చట్టప్రకారం కాకుండా గెంటేస్తే, వాళ్లు 6 నెలల్లోపు కోర్టుకెళ్లి మళ్లీ ఇంట్లోకి రావచ్చని, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ అదేనని లాయరుగారు చెప్పారు.

నోటీసు నేనే రాసుకెళ్లాను. "మీ ప్రవర్తన ఏమీ బాగోలేదు" అని మొదలెడితే ఆ లైను పెన్నుతో కొట్టేశారు లాయరుగారు. ఏ తారీఖున, ఎక్కడ, ఏం చేస్తుంటే చూశామో, "నివాసానికి మాత్రమే" అన్న షరతు ఎలా తప్పారో రాయమన్నారు. సరిదిద్దుకోగల తప్పయితే సరిదిద్దుకోమని అడగాలట, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 114ఎ సెక్షన్‌లో ఉంది. అందుకని సిలిండర్లు ఆ రోజే తీసెయ్యాలని విడిగా రాశాం. మా పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయి నెలనెలా నడుస్తోంది కాబట్టి, అదే చట్టం 106 సెక్షన్ ప్రకారం ఖాళీ చెయ్యడానికి 15 రోజులిచ్చాం.

నోటీసు అందిన సాయంత్రమే పాప వాళ్లమ్మ పైకొచ్చింది. "పిన్నిగారూ, పాప పరీక్షలయ్యేదాకా..." అంటూ ఆగిపోయింది. అమ్మ ఇంకో పది రోజులిచ్చింది. అదీ కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకున్నాం. సిలిండర్లు మళ్లీ రాలేదు, రోజూ అడిగి చూసొచ్చేదాన్ని.

ఆటోలో సామానెక్కించాక అడ్వాన్సు మొత్తం లెక్కపెట్టి ఇచ్చేశాం. వాళ్లు వెళ్లాక అమ్మ వాష్ ఏరియా తలుపు బార్లా తీసి, చాలాసేపు అక్కడే నిలబడింది.