ప్లగిన్ల జాబితాలో కనబడని సంగతి

అనంతపురం, గురువారం.

పాత డ్రిప్ ఫిల్టరు మూతను బిగించే రింగు బజారులో దొరకడం లేదని ధర్మవరం వైపు రైతు ఒకాయన నమూనా ఇచ్చి వెళ్లారు. ఈ రోజంతా దాని చుట్టూనే తిరిగింది. మా షాపు 3డీ ప్రింటరు (కరిగిన ప్లాస్టిక్‌ను పొర మీద పొరగా పోసి వస్తువును చేసే యంత్రం) మీద మొదట తీసిన ప్రింటును కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూస్తే, చెవులున్న చోట తిన్నటి అంచు నున్నగానే ఉంది గానీ గుండ్రటి అంచు పొడవునా ఆవగింజంత బొడిపెలు కనిపించాయి. తిన్నటి గీతకు ప్రింటరుకు ఒక్క ఆదేశం చాలు. వంపు వచ్చేసరికి స్లైసర్ (బొమ్మను ప్రింటరు ఆదేశాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) దానిని వందలకొద్దీ చిన్న గీతలుగా విడగొడుతుంది, ఆ గీతలన్నీ ఒక్కొక్కటిగా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు నుంచి యూఎస్‌బీ తీగ మీదుగా ప్రింటరుకు చేరాలి. తర్వాతి గీత కాస్త ఆలస్యమైతే నాజిల్ (ప్లాస్టిక్ కారే మొన) ఉన్నచోటే ఆగిపోతుంది, ఆ ఆగిన క్షణంలో కారిన ప్లాస్టిక్కే బొడిపెగా గడ్డకడుతుంది. అందువల్ల అనుమానం ప్రింటరు మీదికి కాక, దానిని నడిపే ఆక్టోప్రింట్ మీదికి పోయింది.

జర్మనీకి చెందిన జీనా హోయ్స్గే 2012లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. ఏజీపీఎల్ లైసెన్సు కింద దాని సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. 2015లో వచ్చిన 1.2.0 వెర్షనుతో ప్లగిన్లు (అదనపు సౌకర్యాలనిచ్చే చిన్న ప్రోగ్రాములు) పెట్టుకునే వీలు కలిగింది, అప్పటి నుంచి ఎవరికి కావలసిన సౌకర్యాన్ని వారే రాసుకుని పదిమందికీ పంచుతున్నారు. మా షాపు ప్రింటరులో బయటివారు రాసిన ప్లగిన్లు పదహారు ఉన్నాయి. ఒకటి తెర రంగులు మారుస్తుంది, ఒకటి పని అయిపోగానే ఫోనుకు కబురు పంపుతుంది, ఇంకొకటి ఏ చుట్టలో ఎంత ఫిలమెంట్ (ప్రింటుకు వాడే ప్లాస్టిక్ తీగ) మిగిలిందో లెక్క కడుతుంది. పెట్టుకోవడం మరీ సులభం కావడం వల్ల, ఏది ఎందుకు పెట్టామో ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఆక్టోప్రింట్‌ను సేఫ్ మోడ్‌లో తిరిగి మొదలుపెట్టి అదే రింగులో పావు వంతు ప్రింట్ చేయించాను. సేఫ్ మోడ్‌లో దానితో పాటు వచ్చే ప్లగిన్లు పనిచేస్తాయి, బయటివి మాత్రం ఒక్కటీ లేవదు. అంచు అద్దంలా వచ్చింది. దోషం ప్లగిన్లలోనే ఉందని తేలింది గానీ ఏ ప్లగిన్‌దో తేలలేదు, ఎందుకంటే సేఫ్ మోడ్ అన్నింటినీ ఒక్కసారిగా పక్కన పెడుతుందే తప్ప ఎవరినీ వేలెత్తి చూపదు. పని నేర్చుకోవడానికి వస్తున్న అబ్బాయి అంతా విని, “అన్నా, అన్నీ పీకేస్తే పోతుంది కదన్నా, మళ్లీ కావాల్సినవి ఒక్కొక్కటే వేసుకుందాం” అన్నాడు. “అన్నీ పీకేస్తే ఫిలమెంట్ లెక్క నువ్వు రాస్తావా అబ్బీ?” అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

పదహారింటిలో సగం ఆపి చూడటం, దోషం ఉన్న సగాన్ని మళ్లీ సగం చేయడం అందరికీ తెలిసిన పద్ధతి. దోషి ఒక్కటే అయితే నాలుగు దఫాల్లో దొరుకుతుంది. అయితే ప్రతి దఫాకూ ఆక్టోప్రింట్‌ను తిరిగి మొదలుపెట్టి, బెడ్ (ప్రింటు నిలిచే పలక) వేడెక్కేదాకా ఆగి, ఒక ముక్క తీసి, చల్లారాక గోటితో తడిమి చూడాలి. ఇంతలో కరెంటు పోతే ఆ ముక్క చెత్తబుట్ట పాలే. అంత ఓపిక లేక ఇంకో దారి పట్టాను.

ఆక్టోప్రింట్ లోపలి పనులలో ఎక్కడ జోక్యం చేసుకోదలచిందో ప్రతి ప్లగిన్ తన కోడ్‌లోనే ముందుగా చెప్పుకోవాలి. ఆ జోక్యపు చోట్లను హుక్కులంటారు. ప్రింటరుకు వెళ్లే ప్రతి జీకోడ్ (ప్రింటరు ఆదేశాల భాష) వరుసను క్యూలో చేరే ముందు ఒకసారి, పంపే ముందు ఇంకోసారి పట్టుకుని చూసే హుక్కులు కూడా వాటిలో ఉన్నాయి. పైథాన్ భాషలో రాసిన ఈ ప్లగిన్ల ఫైళ్లు ఉండే ఫోల్డరులోకి టెర్మినల్ ద్వారా వెళ్లి, ఆ హుక్కుల పేర్లు ఏయే ఫైళ్లలో ఉన్నాయో వెతికితే, పదహారింటిలో మూడు ప్లగిన్లు మాత్రమే బయటపడ్డాయి. మొదటిది లెక్క మాత్రమే పెట్టుకుంటోంది. రెండోది ఒకే ఒక్క ఆదేశం కోసం కాచుకుని కూర్చుంది. మూడోది మాత్రం ప్రతి వరుస వచ్చినప్పుడల్లా పురోగతిని ఎస్‌డీ కార్డు మీద ఒక ఫైలులో రాస్తోంది. తిన్నటి గీతల్లో ఆ జాప్యం బయటపడదు, వంపుల్లో మాత్రం ప్రింటరుకు గుటక పడనివ్వదు. దాన్ని ఒక్కదాన్ని ఆపి రింగు మొత్తం తీస్తే బొడిపె అన్నదే లేదు.

రింగు సంగతి అలా ముగిసినా, ప్లగిన్ మేనేజర్ తెర మీద ఈ సమాచారం ఎందుకు లేదన్న ప్రశ్న సాయంత్రం దాకా వదల్లేదు. పేరు, వెర్షను, రాసినవారు, లైసెన్సు, ఆపే మీట, తీసేసే మీట, అన్నీ ఉన్నాయి. నడుస్తున్న ప్రింటులో చేయి పెట్టేదేదో, తెరకు రంగు వేసి ఊరుకునేదేదో మాత్రం చెప్పదు. అన్ని ప్లగిన్లూ ఆక్టోప్రింట్‌తో పాటు ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి, వాటి మధ్య గోడ లేదు. ఉమ్మడి కుటుంబంలో ఒకే పొయ్యి మీద అందరూ వండుకుంటున్నట్టే కాబట్టి, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడేది ఎవరో ఇంటి యజమానికి తెలియాలి. పైగా ఇది కొత్తగా ఎవరినో అడిగి సేకరించవలసిన సమాచారం కాదు, ప్లగిన్ లేచేటప్పుడే హుక్కుల వివరం ఆక్టోప్రింట్ చేతికి వస్తోంది. పేరు పక్కన “ప్రింటరుకు వెళ్లే ఆదేశాలను చూస్తుంది” అన్న చిన్న గుర్తు వేస్తే, పదహారింటి మీది అనుమానం మూడింటి మీదికి దిగుతుంది. ఒక్కో హుక్కు ఎంత సమయం తింటోందో కూడా అక్కడే చూపితే ఇంకా మంచిది. ఆ గుర్తు చూసి మంచి ప్లగిన్లను కూడా జనం భయపడి తీసేస్తారేమో అన్న శంక నాకూ ఉంది, అందుకే ఎరుపు రంగు వద్దనే నా అభిప్రాయం.

ఇంకా కోరికలు లేకపోలేదు. ప్లగిన్‌ను తీసేసినా దానితో పాటు వచ్చిన పైథాన్ లైబ్రరీలు (అది అరువు తెచ్చుకున్న కోడ్) అలాగే మిగిలిపోతాయి. ఒకే లైబ్రరీకి రెండు ప్లగిన్లు వేర్వేరు వెర్షన్లు అడిగితే తగవు మొదలవుతుంది. బ్యాకప్ ఉంది, అది ఆక్టోప్రింట్ ప్లగిన్ల జాబితాలో (రిపాజిటరీలో) ఉన్న ప్లగిన్లను మళ్లీ తెచ్చి పెడుతుంది కూడా, కానీ ఒక్క ప్లగిన్‌ను నిన్నటి వెర్షనుకు తిప్పుకోవడానికి అంత పెద్ద తతంగం దేనికి?

అయితే అన్నీ ఒకేసారి అడగడం న్యాయం కాదు. 2014 నుంచి ఒక స్పెయిన్ సంస్థ జీనాకు జీతమిచ్చి ఈ పని చేయించింది. 2016లో ఆ ఆసరా పోయాక, వాడుకునేవారు ఇచ్చే చందాల మీదే ఇది నడుస్తోంది. ప్లగిన్లు రాసేవారిలో ఎక్కువమంది తీరిక వేళల్లో రాసేవారే, వాళ్లను కొత్త ఫారాలు నింపమంటే ఉన్న ప్లగిన్లను కూడా వదిలేసి పోతారు. అందుకని రచయితలకు పైసా పని పెట్టని హుక్కుల గుర్తు ఒక్కదాని గురించే ప్రతిపాదన రాయడం మొదలుపెట్టాను. తెర ఎలా ఉండాలో కాగితం మీద గీసి చూపితే అబ్బాయి, “గుర్తు మీద వేలు పెడితే హుక్కు పేరు కూడా రావాలన్నా” అన్నాడు. అదీ చేర్చాను. ఎస్‌డీ కార్డు మీద రాసే ప్లగిన్ రచయితకు విడిగా ఇంకో ఉత్తరం రాయాలి, వరుసకొకసారి కాకుండా పొరకొకసారి రాస్తే ఆ ప్లగిన్ మాకు మళ్లీ పనికొస్తుంది.