కామాలతో కూర్చిన ఊళ్ల జాబితా: డేటాబేస్‌కు మనం చెప్పవలసినవి

పర్లాకిమిడి, గుణుపురం, ఒడిశా సరిహద్దుకు ఇవతల పాతపట్నం ప్రాంతాల టోకు వ్యాపారుల లెక్కల ప్రోగ్రాములు చూసే నన్ను వాళ్లు తరచుగా అడిగే కాగితం ఒకటుంది. వ్యాను తిరిగే ఒక్కొక్క దారికి ఒక్కొక్క వరుస ఉండాలి, ఆ దారిలో సరుకు దించవలసిన ఊళ్లన్నీ అదే వరుసలో కామాలతో పక్కపక్కన అచ్చు కావాలి, డ్రైవరు దాన్ని చూసుకొని బయలుదేరాలి. డేటాబేస్‌లో మాత్రం ఊళ్లు అలా ఉండవు, ఉండకూడదు కూడా. ఒక దారిలో ఏడు ఊళ్లుంటే మజిలీల టేబుల్‌లో ఏడు రోలు (అడ్డు వరుసలు) ఉంటాయి. ఆ ఏడింటినీ ఒక్క స్ట్రింగ్‌గా కూర్చడం క్వెరీ (డేటాబేస్‌ను మనం అడిగే ప్రశ్న) పని.

ఈ పని చేసే ఫంక్షన్ ఇప్పుడు అన్ని ప్రధాన డేటాబేస్‌లలోనూ ఉంది. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ, ఎస్‌క్యూలైట్‌లలో దాని పేరు గ్రూప్ కన్‌క్యాట్. పోస్ట్‌గ్రెస్‌లో 2010లో వచ్చిన 9.0 నుంచీ, మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2017 వెర్షన్ నుంచీ స్ట్రింగ్ యాగ్ ఉంది. ఒరాకిల్‌లో 11జీ రెండో విడుదలతో లిస్ట్ యాగ్ వచ్చింది. దారి నంబరు మీద గ్రూప్ బై (ఒకే నంబరున్న రోలను ఒక గుంపు చేసేది) పెట్టి, ఊరి పేరు కాలమ్‌ను ఈ ఫంక్షన్‌కు ఇస్తే జాబితా వచ్చేస్తుంది. అయితే ఏ క్రమంలో కూర్చాలి, ఏవి ఒకే ఊరి కింద లెక్క, పేరు లేనిచోట ఏం చేయాలి, ఎంత పొడవు వరకు పట్టాలి అనే సంగతులు మనం చెప్పకపోతే డేటాబేస్ తనకు తోచినట్టు చేస్తుంది. చాలా సందర్భాల్లో తప్పు జరిగిందని కూడా చెప్పదు.

క్రమం సంగతి చూద్దాం. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే రైలు మార్గంలో నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం అదే వరుసలో తగులుతాయి. అకారాది క్రమంలో పెడితే కాశీనగర్, గుణుపురం అన్నిటికంటే ముందుకు వస్తాయి, బయలుదేరవలసిన నౌపడ టెక్కలి, టెంబూరుల వెనక్కి పోతుంది. అసలు ఏ క్రమమూ చెప్పకపోతే రోలు ఎలా చదవబడితే అలా వస్తాయి, ఆ తీరు ఇవాళ ఒకలా, ఇండెక్స్ (రోలను త్వరగా వెతికే సూచిక) మారాక మరోలా ఉండవచ్చు. కాబట్టి టేబుల్‌లో మజిలీ సంఖ్య అనే కాలమ్ ఉంచి, ఆ సంఖ్యను బట్టి క్రమం పెట్టమని ఆర్డర్ బై రాయాలి. అది క్వెరీ చివర ఉంటే చాలదు, ఎందుకంటే చివర ఉన్నది దారుల వరుసను మాత్రమే నిర్ణయిస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లో, పోస్ట్‌గ్రెస్‌లో దాన్ని ఫంక్షన్ కుండలీకరణాల లోపలే రాస్తాం; ఒరాకిల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఫంక్షన్ పక్కన వితిన్ గ్రూప్ అని చేర్చి రాస్తాం. ఎస్‌క్యూలైట్‌లో ఈ సౌకర్యం 2023లో వచ్చిన 3.44తోనే మొదలైంది.

జాబితాలో ఒక పేరు రెండుసార్లు కనిపించగానే డిస్టింక్ట్ (ఒకే విలువను ఒక్కసారే చూపమనే మాట) చేర్చడం చాలామందికి అలవాటు. మా వైపు అది ప్రమాదం. రాయగడ ఒక జిల్లా కేంద్రం, గజపతి జిల్లాలోనూ రాయగడ అనే బ్లాకు ఉంది. రెండింటికీ సరుకు పంపే వ్యాపారి జాబితాలో డిస్టింక్ట్ పెడితే ఒక రాయగడ మాయమవుతుంది. ఊళ్లను పేరుతో కాక ఊరి నంబరుతో వేరుచేసి, పేరు పక్కన బ్లాకు పేరు కూడా చేర్చి కూర్చడమే సరైన దారి.

పేర్లు నిజంగానే పదేపదే వస్తుంటే దాని కారణం సాధారణంగా జాయిన్‌లో, అంటే టేబుళ్లను కలిపే తీరులో, ఉంటుంది. ఒక దారికి ఏడు మజిలీలు, అయిదు బిల్లులు ఉన్నాయనుకోండి. దారుల టేబుల్‌ను ఆ రెండు టేబుళ్లతోనూ ఒకేసారి జాయిన్ చేస్తే 35 రోలు పుడతాయి, ప్రతి ఊరూ అయిదుసార్లు వస్తుంది. డిస్టింక్ట్ పెడితే ఊళ్ల జాబితా చక్కబడినట్టే కనిపిస్తుంది, కానీ పక్క కాలమ్‌లో బిల్లుల మొత్తం ఏడింతలయ్యే ఉంటుంది. మజిలీలను ఒక సబ్‌క్వెరీ (లోపలి క్వెరీ)లోనూ, బిల్లులను మరొక సబ్‌క్వెరీలోనూ ముందే దారికి ఒక రోగా కుదించి, ఆ తర్వాతే దారుల టేబుల్‌తో కలపాలి.

మన డేటాలో ఊరి పేరుకు తెలుగు, ఒడియా కాలమ్‌లు రెండూ ఉంటాయి, చాలా ఊళ్లకు వాటిలో ఒకటే నింపి ఉంటుంది. తెలుగు కాలమ్‌లో నల్ (విలువ లేదనే గుర్తు) ఉంటే ఈ ఫంక్షన్లన్నీ ఆ రోను నిశ్శబ్దంగా వదిలేస్తాయి, కాగితంలో ఆ ఊరే ఉండదు, వ్యాను అక్కడ ఆగదు. అందుకే తెలుగు పేరు లేకపోతే ఒడియా పేరు తీసుకొమ్మని కోలెస్‌తో చెప్పాలి. పేరు, ఫోను నంబరు కలిపి ఒక అంశంగా కూర్చేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం: మైఎస్‌క్యూఎల్‌లో ముక్కలను అతికించే కన్‌క్యాట్‌లో ఒక్క ముక్క నల్ అయినా మొత్తం నల్ అవుతుంది, అంటే ఫోను లేని ఊరు జాబితాలోంచే పోతుంది.

తెలుగులో పనిచేసేవాళ్లు అన్నిటికంటే ముఖ్యంగా గమనించవలసింది పొడవు. మైఎస్‌క్యూఎల్‌లో గ్రూప్ కన్‌క్యాట్ ఫలితానికి మనం మార్చకపోతే వర్తించే పరిమితి 1024 బైట్లు. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు కావాలి, ఒడియాకూ అంతే. పర్లాకిమిడి అనే పేరులో అలాంటి గుర్తులు 11, అంటే 33 బైట్లు. కామా, ఖాళీ కలిపితే 35. ఆ పొడవున్న పేర్లు 29 పట్టి, ముప్ఫయ్యోది 'పర్' దగ్గర తెగిపోతుంది. అదే ఊరిని 14 ఆంగ్ల అక్షరాలతో రాస్తే 64 పేర్లు పడతాయి. ప్రోగ్రాము రాసినవాళ్లు ఆంగ్ల పేర్లతో పరీక్షించి బాగుందని ఇచ్చేస్తారు, తెలుగు డేటా ఎక్కించాక పెద్ద దారుల చివరి ఊళ్లు రాలిపోతాయి. ఇది ఎర్రర్ కాదు, హెచ్చరిక మాత్రమే. షో వార్నింగ్స్ అని అడిగితే తప్ప కనబడదు, మామూలు ప్రోగ్రాములు దాన్ని అడగనే అడగవు.

పరిష్కారం చిన్నదే. క్వెరీకి ముందు ఆ సెషన్‌కు (డేటాబేస్‌తో ఆ ఒక్క కనెక్షన్‌కు) గ్రూప్ కన్‌క్యాట్ మ్యాక్స్ లెన్ విలువ పెంచాలి. మరియాడీబీ 10.2.4 నుంచి ఆ పరిమితిని దాదాపు పది లక్షల బైట్లకు పెంచింది, కాబట్టి ఒక సర్వర్‌లో సరిగ్గా వచ్చిన జాబితా మరో సర్వర్‌లో తెగడం చూసి కంగారు పడనక్కరలేదు. ఒరాకిల్ లిస్ట్ యాగ్ సాధారణంగా 4000 బైట్లు దాటితే ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ కూడా 8000 బైట్లు దాటితే అలాగే ఆగుతుంది, కాలమ్‌ను ఎన్‌వార్‌చార్ మ్యాక్స్ (పొడవైన పాఠం పట్టే రకం)గా మార్చి ఇస్తే సాగుతుంది. నా దృష్టిలో సగం జాబితా చేతికివ్వడం కంటే ఆగిపోవడమే మేలు. ఒరాకిల్ 12.2లో వచ్చిన, మించినదాన్ని కోసేసే ఆన్ ఓవర్‌ఫ్లో ట్రంకేట్‌ను అందుకే నేను వాడను.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017 కంటే పాతదైతే ఫలితాన్ని ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఇచ్చే ఫర్ ఎక్స్‌ఎంఎల్ పాత్‌తో పేర్లను అతికించి, మొదటి కామాను స్టఫ్‌తో తీసేయాలి. దుకాణం పేరులో & గుర్తు ఉంటే అది ఎక్స్‌ఎంఎల్ సంకేతంగా మారి అచ్చవుతుంది కాబట్టి, టైప్ అని చేర్చి, ఆపైన వాల్యూ మెథడ్‌తో తిరిగి మామూలు అక్షరాలుగా తీసుకోవాలి.

ఇదంతా మనుషులు చదివే కాగితం కోసమే. ఈ జాబితాను మరో ప్రోగ్రాము అందుకొని మళ్లీ విడదీయవలసి ఉంటే కామాలు పనికిరావు, ఎందుకంటే 'రాయగడ, గజపతి జిల్లా' అని ఒక్క అంశంలోనే కామా ఉండవచ్చు. అప్పుడు జాబితాను ప్రోగ్రాములు తేలిగ్గా విడదీయగల జేసన్ రూపంలో ఇవ్వడానికి మైఎస్‌క్యూఎల్‌లో 5.7.22 నుంచి ఉన్న జేసన్ అర్రే యాగ్‌ను గానీ, పోస్ట్‌గ్రెస్‌లోని జేసన్ యాగ్‌ను గానీ వాడాలి. అయితే వీటిలో నల్ రాలిపోదు, జాబితాలో నల్‌గానే కూర్చుంటుంది కాబట్టి అవతలి ప్రోగ్రాము రాసేవాళ్లకు ఆ మాట ముందే చెప్పి ఉంచాలి.