టైటానియం రేకు మీద గొట్టాల చేను

మొన్న ఆగస్టులో హనుమకొండలో ముసురు పట్టిన వారమంతా సోలార్ సెల్‌ల కోసం నేను పెంచిన టైటానియం డయాక్సైడ్ నానోట్యూబ్‌లలో, అంటే కంటికి కనిపించనంత సన్నని గొట్టాలలో, ఒక్కటి కూడా అనుకున్న పొడవుకు రాలేదు. రేకు మారలేదు, 60 వోల్టులు మారలేదు, కానీ మీటరులో కరెంటు మాత్రం ఎప్పటికన్నా ఎక్కువగా కనిపించింది. మూడు రోజులు వైర్లు, క్లిప్పులు వెతికిన తరువాతగానీ నా చూపు గొట్టాలు పెంచే ద్రవమైన ఇథిలీన్ గ్లైకాల్ సీసా మీద పడలేదు. దాని మూత నేనే సరిగ్గా బిగించలేదు. గ్లైకాల్ గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. అందులో మేము కొలిచి కలిపే నీరు నూటికి 2 వంతులే కాబట్టి, వానాకాలపు గాలి ఇచ్చే కొసరు కూడా లెక్కను తప్పించేస్తుంది.

ఆ కొసరు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఈ గొట్టాలు ఎలా పుడతాయో చెప్పాలి. బరువులో 0.3 శాతం అమ్మోనియం ఫ్లోరైడ్, కొద్దిగా నీరు కలిపిన గ్లైకాల్‌లో టైటానియం రేకును పాజిటివ్ వైపు, ప్లాటినంను నెగెటివ్ వైపు ఉంచి కరెంటు పెడతాము. నీటిలోని ఆక్సిజన్ లోహంతో కలిసి ఆక్సైడ్ పొరను కడుతుంది. ఫ్లోరైడ్ అదే పొరను కరిగించి గుంటలు చేస్తుంది. పొర పేరుకుంటున్న కొద్దీ కరెంటు చరచరా పడిపోతుంది, గుంటలు పడగానే మళ్ళీ కొంత లేస్తుంది, ఆ తరువాత నిలకడగా సాగుతుంది. ఈలోగా రేకు రంగు మారడం కంటికే కనిపిస్తుంది. ఆ ఊదా, నీలం ఛాయలు పలుచని పొరలో కాంతి తరంగాలు కలబడడం వల్ల వచ్చేవి. కట్టడం, కరగడం సమంగా నడిచినంత సేపు గుంట లోతుకు దిగుతూ గొట్టమవుతుంది. నీరు ఎక్కువైతే గొట్టాల పైకొసలు కరిగిపోయి పొట్టిగా మిగులుతాయి, గోడలకు కణుపులు పడతాయి. నా రేకుల మీద జరిగింది అదే.

2001లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో క్రెయిగ్ గ్రైమ్స్ బృందం నీటిలో కలిపిన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఇలాంటి గొట్టాలను పెంచినప్పుడు వాటి పొడవు కొన్ని వందల నానోమీటర్లే. గ్లైకాల్ వాడకంలోకి వచ్చాక అది వందల మైక్రోమీటర్లకు చేరింది. ఈ పొడవు సోలార్ సెల్‌కు అక్కరకు రావడానికి కారణం ఉంది. 1991లో ఓరెగన్, గ్రాట్జెల్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించిన రంగు పూత సెల్‌లో వెలుతురును పట్టేది టైటానియం డయాక్సైడ్ రేణువుల మీది రంగు; అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్ ఒక రేణువు నుండి ఇంకో రేణువుకు అటూ ఇటూ తిరుగుతూ బయటపడాలి, దారిలోనే పోయే అవకాశం ఎక్కువ. నిలువుగా నిలబడిన గొట్టం దానికి అడుగు దాకా నేరుగా దారి చూపుతుంది, లోపలి గోడలకు కూడా రంగు పడుతుంది.

అయితే గొట్టాలు నిలబడి ఉంటేనే ఇదంతా. పెరిగిన రేకును నీటితో కడిగి ఆరబెడితే, ఆరే నీరు గొట్టాల కొసలను ఒకదాని వైపు మరొకదాన్ని లాగి కట్టలు కట్టేస్తుంది. అలాంటి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాన్ని నర్సంపేట దగ్గరి మా ఊళ్ళో బాపుకు చూపిస్తే, "గాలివానకు పడ్డ వరి లెక్కున్నది బిడ్డా" అన్నాడు. ఇంతకన్నా సరైన వర్ణన నాకు ఇంకెక్కడా దొరకలేదు. నీటి తలతన్యత ఇథనాల్ దానికి మూడింతలకు పైనే ఉంటుంది కనుక, ఇప్పుడు చివరి కడుగు ఇథనాల్‌తోనే చేస్తున్నాను. పడిపోయే గొట్టాలు చాలావరకు తగ్గాయి.

ఆరిన గొట్టాలకు ఇంకా స్ఫటిక రూపం ఉండదు. ఫర్నేస్‌లో 450 డిగ్రీల వద్ద కాల్చితే అనటేజ్ అనే స్ఫటిక రూపానికి మారతాయి.

ఇక మిగిలిన పెద్ద చిక్కు రేకుదే. దాని గుండా వెలుతురు పోదు కాబట్టి ఎదుటి ఎలక్ట్రోడ్ వైపు నుండి వెలుగు పంపవలసి వస్తుంది, ఆ దారిలో ఆ ఎలక్ట్రోడ్ మీది ప్లాటినం పూత, సెల్‌లో నింపే అయోడిన్ ద్రవం కొంత వెలుతురును మింగేస్తాయి. అందుకే కరెంటు పారే పూత వేసిన గాజు మీద టైటానియంను పలుచగా పేర్చి, ఆ లోహమంతా గొట్టాలుగా మారేవరకు పెంచే పనిలో ఉన్నాను. లోహం అయిపోతున్న కొద్దీ నల్లని గాజు తేటబడుతుంది, కరెంటు జారుతుంది. సరిగ్గా అప్పుడే స్విచ్ ఆపాలి. ఇంకాస్త ఆలస్యమైతే గొట్టాల పొర గాజును వదిలి పెచ్చుగా లేచిపోతుంది.