బావిగట్టు మీద మొదటి అక్షరం

యలహంకలో ఉంటాం. మా అమ్మాయికి పదకొండేళ్లు. బడిలో కన్నడం, హిందీ చదువుతుంది. తెలుగు ఇంట్లో వినడమే. నేర్పుదామని నేను కొన్న పలక బీరువా మీదే ఉంది. తప్పు నాదే, రోజూ రేపు అనుకున్నాను.

ఊరు మాత్రం దూరం కాదు. దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు దాటితే హిందూపురం, అక్కడినుంచి మా పొలం. అయినా పిల్ల అక్కడ చుట్టాల్లా కూర్చుంటుంది. మొన్న సెలవుల్లో అమ్మ రెండో ముద్ద సంగటి వేయబోతే "సాకు, సాకు" అంది, కన్నడంలో చాలు అని. కన్నడం బాగా తెలిసిన మా నాన్న కావాలనే "సాకులు చెప్పకుండా తిను" అన్నాడు. దానికి ఆ వేళాకోళం అర్థం కాలేదు. నాకు నవ్వూ వచ్చింది, ఎక్కడో కలుక్కుమనీ అంది.

సాయంత్రం పాత బావి దగ్గరికి వెళ్లాం. ఒక పక్క నేల ఏటవాలుగా ఎందుకు దిగిందని అడిగింది. అది కపిల తోలిన చోటు. మా ముత్తాత తవ్వించిన బావి ఇది. ఎడ్లు మోకు లాగుతూ ఆ వాలు దిగితే బాన పైకొచ్చేది, తోలు తొండం లోంచి నీళ్లు కాలువలో పడేవి. మళ్లీ ఎడ్లు వెనక్కి నడుస్తూ పైకెక్కాలి. నాన్న తన చిన్నతనంలో వాటితోపాటు ఎన్నిసార్లు దిగి ఎక్కాడో చెబుతూ, అరవై దాటినవాడు, వెనక్కి నడిచి చూపించాడు. పడతాడేమోనని నేను చేయి పట్టుకున్నాను.

తాత కాలంలో నూనె ఇంజను వచ్చింది. తర్వాత కరెంటు మోటారు. 1983లో అశ్వశక్తికి ఏడాదికి 50 రూపాయలే అనేసరికి ఊళ్లో ప్రతి బావికీ మోటారు బిగించారు. 2004లో వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది. ఆ సౌకర్యాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు, నా చదువు ఫీజు ఆ నీళ్లలోంచే వచ్చింది. కానీ అప్పటికే బావి అడుగు కనిపిస్తోంది. ఇక బోర్లు. వేసిన నాలుగింటిలో రెండు ఎండిపోయాయి. ఇప్పుడు వేరుశనగ లేదు. డ్రిప్పు కింద మల్బరీ, పట్టుపురుగులు, గూళ్లు హిందూపురం మార్కెట్టుకు.

ఇదంతా అమ్మాయి ఎంత విన్నదో తెలియదు. బావిగట్టు రాయి మీద చెక్కిన అక్షరాల్లోని మట్టిని పుల్లతో గీకుతోంది.

"గం... గ... మ్మ," అంది.

నేను ఉలిక్కిపడ్డాను. నేర్పనే లేదు కదా! కానీ గ, మ కన్నడ, తెలుగు లిపులు రెండింటిలోనూ దాదాపు ఒకటే. తలకట్టు కాస్త వేరుగా ఉంటుంది, అంతే. రాయి మీద ఉన్నది "గంగమ్మ తల్లి". రెండో మాట దగ్గర ఆగిపోయింది.

"తాతా, ఇది ఏ అక్షరం?"

"ఇప్పుడు నన్ను ఏమని పిలిచావు? అందులో మొదటిదే," అన్నాడు నాన్న.

అది నోట్లో ఒకసారి అనుకుని, మళ్లీ పుల్ల అందుకుంది.